ఇంటిపేరు అడగలేదు

మాధవరం,
18-1-2006

చి॥ శీనుకి,

మీ నాన్న దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం తెలిసి పదకొండు వారాలయింది.

పండగ బాగానే జరిగింది. పెద్దక్కయ్యా పిల్లలూ భోగికే వచ్చారు. చిన్నది తెల్లారగట్లే లేచి తన పిడకల దండ తనే మంటలో వేసింది. మీ అమ్మ ఈసారి అరిసెలన్నీ నువ్వులద్దే చేయించింది. నువ్వుల్లేనివి నువ్వు ముట్టవు కదా. అన్నీ అయ్యాక నువ్వు రావడం లేదని మళ్ళీ గుర్తొచ్చి, ఒక డబ్బాకెత్తి అటక మీద పెట్టింది. ఎవర్నీ దాని జోలికి వెళ్ళనివ్వడం లేదు. గేదె ఈనింది, పెయ్యదూడ. దాళవా నాట్లు మొదలెట్టాం గానీ కాలవ చివరికి నీళ్ళు రావడం లేదు. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నువ్వు పంపిన ఆ తైలం అయిపోయింది. దాని గురించి బెంగ పెట్టుకోకు, ఇక్కడ వేరేది దొరికింది.

దీపావళి నాడు నువ్వు చేసిన ఫోనే ఆఖరు. తరవాత నేను తొమ్మిది సార్లు చేశాను. ప్రతిసారీ ఆ మిషను గొంతే వస్తోంది. మొన్న భోగినాడు మీ అమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుని, ఆ గొంతునే ‘మా అబ్బాయి అన్నం తిన్నాడా అమ్మా’ అని అడిగి పెట్టేసింది. పని ఒత్తిడేమో అనుకున్నాం. ఉద్యోగం పోయిందని శేషు చెబితేనే మాకు తెలిసింది. అందులో దాచుకోవలసిందేముందిరా? కంపెనీ మూతపడితే నీ తప్పా? శేషు ఇంకో మాట కూడా అన్నాడు. ఆ సంగతి నేనిప్పుడు అడగడం లేదు. చలికాలం కదా, చెవులకి కట్టుకుంటున్నావా? చిన్నప్పట్నుంచీ నీకు ముందు చెవిపోటే వస్తుంది.

మొన్న పేపర్లో మూలన చిన్న వార్త చూశాను. హ్యూ థాంప్సన్ అనే ఆయన 6వ తేదీన పోయారట. నాకంటే ఒక్క ఏడాది పెద్ద. వియత్నాంలో హెలికాప్టరు నడిపేవాడు. 1968 మార్చి 16న మై లై అనే ఊళ్ళో అమెరికా సైనికులు ఆడవాళ్ళనీ ముసలివాళ్ళనీ పసిపిల్లలనీ వరసపెట్టి కాలుస్తుంటే పైనుంచి చూసి, తన హెలికాప్టరు తెచ్చి వాళ్ళకీ ఊరివాళ్ళకీ మధ్యన దింపాడు. మనవాళ్ళు జనం మీద కాలిస్తే మీరు మనవాళ్ళ మీద కాల్చండని తన మనుషులకి చెప్పాడు. ఆ రోజు చచ్చిపోయినవాళ్ళు 504 మందని వియత్నాం వాళ్ళ లెక్క. ఆయనకి పతకం ఇచ్చింది 1998లో, ముప్ఫయ్యేళ్ళకి. ఆ మార్చిలో నేనూ ఆ దేశంలోనే, సైగాన్‌లో ఉన్నాను. మాకెవరికీ తెలియదు. లోకానికి తెలిసిందే మరుసటి ఏడు నవంబరులో.

నీకు ఇవన్నీ నేనెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. తెల్ల జీపు పక్కన నించున్న ఫోటో చూశావు, అంతే. 1954లో జెనీవా ఒప్పందంతో వియత్నాంని 17వ అక్షాంశం దగ్గర రెండు చేశారు. రెండేళ్ళకి, 1956 జులైలో, ఎన్నికలు పెట్టి మళ్ళీ కలపాలని రాసుకున్నారు. ఆ ఎన్నికలు జరగనే లేదు. ఒప్పందం ఎవరు తప్పుతున్నారో చూడ్డానికి మన దేశం, కెనడా, పోలండు కలిపి ఒక కమిషన్ వేశారు. అధ్యక్షత మనది. మన సైన్యం సిగ్నల్స్ విభాగంలో ఉన్న నన్ను 1967లో దానికి పంపారు. మా పని చూడ్డం, రాయడం, పంపడం. 1962లోనే మన కమిషన్ రాసింది: ఉత్తరం వాళ్ళు దక్షిణానికి మనుషుల్నీ ఆయుధాల్నీ పంపుతున్నారని, దక్షిణం వాళ్ళు అమెరికాతో సైనిక కూటమి కట్టినట్టేనని. రెండువైపులా తప్పుందని తేల్చింది. ఏమయింది? కాగితం కాగితంగానే ఉంది. నేను వెళ్ళేనాటికి అక్కడ అమెరికా సైనికులు ఐదు లక్షలకి దగ్గర పడ్డారు. ఎంత రాసినా అటునుంచి జవాబు లేకపోతే ఎలా ఉంటుందో నాకు అప్పుడే అలవాటయింది. నీకు రాసిన రెండు ఉత్తరాలు అందాయా?

ఇక ఎందుకు తిప్పడం, అడిగేస్తున్నాను. నువ్వు అమెరికా సైన్యంలో చేరుతున్నావా? రోజూ చీకట్నే లేచి పరుగెడుతున్నావట. యూనిఫాం వేసుకున్న మనిషి కారులో మీ ఇంటికి రెండుసార్లు వచ్చాడట. ఏదో పరీక్ష కూడా రాశావట, ఇక సంతకమే తరువాయట. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళని తీసుకుంటారని, చేరితే పౌరసత్వం తొందరగా ఇచ్చేలా 2002లో ఉత్తర్వు చేశారని రాంబాబు మావయ్య కూడా అన్నాడు. మీ అమ్మకి ఇంకా చెప్పలేదు. చెప్పలేను.

సైన్యం తప్పని నేననను. మొదటి ప్రపంచయుద్ధం నాటినుంచీ మన ఊరికి మిలటరీ మాధవరం అనే పేరు. నేనూ చైనాతో యుద్ధమయ్యాక నా పందొమ్మిదో ఏట వెళ్ళాను. కానీ నేను వెళ్ళింది మన గుమ్మం కాయడానికి. నువ్వు సంతకం పెడితే నిన్ను పంపేది ఇరాక్. ఎవరి గుమ్మంలోకి వెళ్తున్నావో, ఎందుకు వెళ్తున్నావో నీకు చెప్పేవాడికైనా తెలుసా?

తెలియదురా. నేను చూశాను.

1968 జనవరి. వాళ్ళకి తెత్ అని కొత్త సంవత్సరం పండగ, మన ఉగాది లాంటిది. అప్పులు తీర్చేసుకుంటారు, ఇళ్ళు కడుక్కుంటారు, తెల్లారాక మొదట గడప తొక్కేది ఎవరని చూసుకుంటారు. ఈ ఏడు కూడా ఈ నెల 29న వస్తోంది. మా మెస్సులో బట్టలుతికే ఆవిడ నాకు పొడుగాటి పొట్లం ఒకటి ఇచ్చింది. అరటాకులో చుట్టి ఉడికించిన జిగురన్నం, మధ్యలో పెసరపప్పు. చూడగానే మామ్మ పనసాకుల్లో వండే పొట్టిక్కబుట్టలు గుర్తొచ్చాయి. మెస్సు గేటు పక్కన కుళాయి ఉండేది. అక్కడ ఒక అమెరికా కుర్రాడు లారీ ఆపుకుని నీళ్ళు పట్టుకునేవాడు. ఓడరేవు నుంచి లాంగ్ బిన్ డిపోకి సరుకు తోలేవాడు. ఇరవయ్యేళ్ళుంటాయేమో, మెడ వెనక ఎండకి చర్మం ఊడిపోయి ఎర్రగా ఉండేది. కాలేజీ మానేశాడట. మానేసిన కొద్ది నెలలకే సైన్యంలోకి రమ్మని ఇంటికి కాగితం వచ్చిందట.

28వ తేదీ ఆదివారం. ఆ పొట్లంలో సగం అతనికి పెట్టి, టీ ఇచ్చాను. గేటు అరుగు మీద కూర్చుని తిన్నాడు. హెల్మెట్ తీసి చూపించాడు. పైనున్న గుడ్డమీద పెన్నుతో చిన్న చిన్న గళ్ళు గీసుకున్నాడు, రోజుకో గడి కొట్టేయడం. వాళ్ళకి అక్కడ ఏడాదే డ్యూటీ. ఇంకా 41 గళ్ళున్నాయి. ఈ ఏడు ఫిబ్రవరికి 29 రోజులు, నా ఖర్మకొద్దీ ఒకరోజు ఎక్కువ పడింది అని బాధపడ్డాడు. ఒక్కరోజుకేం, ఇట్టే గడిచిపోతుందన్నాను. ఎందుకొచ్చాం అని నన్నడిగాడు. నేను కమిషన్ మనిషిని కదా, నాకు తెలుసనుకున్నాడు. నాకు తెలిసిందల్లా చెబితే ఇంకా దిగులుపడతాడని, పండగ కదా, నాలుగురోజులు కాల్పులుండవని చెప్పాను. రెండు పక్షాలూ పండక్కి కాల్పులు ఆపుతామన్నాయి. అదే నమ్మాను.

30వ తేదీ రాత్రి నాకు వైర్‌లెస్ డ్యూటీ. సాయంత్రం నుంచీ ఊరంతా టపాసుల మోత. సీమటపాకాయల దండలు మేడ మీంచి కిందికి వేలాడదీసి అంటించేవారు, వీధులన్నీ ఎర్రకాగితం ముక్కలే. మూడు గంటలు కావస్తుండగా మోత మారింది. టపాసుల పేలుడుకి ఒక తీరూ తెన్నూ ఉండదు, ఇది ఎవరో లెక్కపెట్టినట్టు ఆగి ఆగి వస్తోంది. కిటికీ అద్దం నా చేతికింద అదిరింది. అప్పటికే అమెరికా రాయబార కార్యాలయం గోడకి కన్నంపెట్టి పందొమ్మిది మంది కమ్యూనిస్టు గెరిల్లాలు లోపలికి దిగారు. విమానాశ్రయం, అధ్యక్షుడి భవనం, రేడియో స్టేషను, అన్నిచోట్లా ఒకేసారి. దేశంలో నూటికి పైగా ఊళ్ళమీద పడ్డారు. రెండు నెలలకి ముందే అక్కడి అమెరికా సేనాధిపతి వెస్ట్‌మోర్‌లాండ్ వాషింగ్టన్ వెళ్ళి, యుద్ధానికి చివర కనబడుతోందని చెప్పి వచ్చాడు. తెల్లారాక మేడెక్కి చూస్తే చోలాన్ వైపు నల్లటి పొగ. బయటికి వెళ్ళడానికి లేదు. కాల్పుల విరమణ చూడవలసిన కమిషన్ మనుషులం, గదుల్లో మంచాల కింద పడుకున్నాం.

ఆ దాడిలో వచ్చినవాళ్ళే ఎక్కువమంది చచ్చారు. వారాల్లోనే అమెరికా, దక్షిణం వాళ్ళు దాదాపు అన్ని ఊళ్ళూ తిరిగి తీసుకున్నారు. హ్యూ పట్టణానికి మాత్రం 26 రోజులు పట్టింది. తీసుకునేసరికి అక్కడ పట్టణం లేదు. తరవాత గుంటలు తవ్వితే కమ్యూనిస్టులు చంపి పూడ్చిన జనం వందలకొద్దీ బయటపడ్డారు. కేసాన్ అనే స్థావరాన్ని అమెరికా వాళ్ళు 77 రోజులు ప్రాణాలొడ్డి కాపాడారు, జులైలో తామే వదిలేసి వెళ్ళారు. ఆ స్థావరం కోసం పోయిన పిల్లల తల్లులకి ఏం చెప్పుంటారు? మార్చి 31న అమెరికా అధ్యక్షుడు జాన్సన్ తను మళ్ళీ పోటీ చేయనన్నాడు. ఇక గెలవలేమని పైవాళ్ళకి అప్పుడే తెలిసిపోయిందన్నమాట. అయినా యుద్ధం ఆపడానికి పారిస్ ఒప్పందం 1973 జనవరి దాకా కుదరలేదు. ఆ యుద్ధంలో పోయిన 58 వేలమంది అమెరికా వాళ్ళలో సగానికి పైగా 1968 వచ్చాక పోయినవాళ్ళే. వియత్నాం వాళ్ళు ముప్ఫై లక్షలని వాళ్ళ ప్రభుత్వమే చెప్పింది.

ఆ కుర్రాడు మళ్ళీ కుళాయి దగ్గరికి రాలేదు. ఫిబ్రవరంతా చూశాను. మార్చి 9కి అతని గళ్ళు అయిపోవాలి. ఆ రోజు డ్యూటీ మార్పించుకుని పొద్దున్నించీ గేటు దగ్గరే నించున్నాను. లారీలు చాలా వెళ్ళాయి. వేరే రూటు వేశారో, ముందే ఇంటికి పంపారో, ఏమయిందో. వాషింగ్టన్‌లో నల్లరాతి గోడమీద పోయినవాళ్ళ పేర్లన్నీ చెక్కారు కదా, నువ్వు వెళ్ళినప్పుడు ఫోటో పంపావు. భూతద్దం పెట్టి చూశాను. వెతకడానికి నా దగ్గరున్నది ఉత్త పేరే. మనం కొత్త మనిషి కనబడితే ముందు ఇంటిపేరే అడుగుతాం, ఏ ఊరు, ఎవరి తాలూకు అని. ఆ రోజు నేను అడగలేదు.

నేను కూడా అప్పుడు 40 రోజులు ఇంటికి ఉత్తరం రాయలేదు. కొంత టపా నడవక, కొంత ఏం రాయాలో తెలియక. ఆకాశవాణిలో సైగాన్ పేరు విని మామ్మ అన్నం మానేసింది. అంతకు రెండున్నరేళ్ళ ముందే, 1965 అక్టోబరులో, మా కమిషన్ విమానం వియంటియాన్ నుంచి హనోయి వెళ్తూ పదముగ్గురితో కనబడకుండా పోయింది. ఇప్పటికీ ముక్క దొరకలేదు. ఆ సంగతి ఆవిడకి ఎవరో చెప్పారు. నా ఉత్తరం అందిన రోజున పోస్టుమేన్‌కి కొత్త పంచె పెట్టిందట. చదవడం రాదు, నా చేతిరాత మీద చెయ్యి పెట్టుకుని కూర్చుందట. అందుకే చెబుతున్నాను, మంచి వార్త లేకపోతే చెడ్డ వార్తే రాయి. ఏదో ఒకటి రాయి.

1964 ఆగస్టు 4న వియత్నాం పక్కన టాంకిన్ సింధుశాఖలో తమ ఓడల మీద రెండోసారి దాడి జరిగిందని చెప్పి అమెరికా వాళ్ళు యుద్ధానికి అనుమతి తీసుకున్నారు. దిగువ సభలో 416 మంది అవునన్నారు, కాదన్నవాడు లేడు. ఎగువ సభలో ఇద్దరే కాదన్నారు. మరుసటి మార్చిలో దానాంగ్ తీరాన 3,500 మందిని దింపారు. ఆ రెండో దాడి జరగనే లేదని వాళ్ళ నిఘా సంస్థ చరిత్రకారుడే రాసిన కాగితం మొన్న డిసెంబరులో బయటపెట్టారు. నలభై ఒక్క ఏళ్ళకి! ఇరాక్‌లో ఉన్నాయన్న ఆయుధాలు మాత్రం దొరికాయా? అమెరికా మీద నాకు కోపం లేదు. నీకు అన్నం పెట్టిన దేశం. నిన్ను పంపేవాళ్ళ మాట నిజమో కాదో తేలేసరికి నీ పిల్లలకి నా వయసొస్తుంది, అదీ నా బాధ.

ఇంకొకటి మీ అమ్మకి కూడా చెప్పనిది. 1969 డిసెంబరు 1న అమెరికాలో లాటరీ తీశారు, పుట్టినరోజుల్ని బట్టి సైన్యంలోకి ఎవరు ముందు వెళ్ళాలో. గాజు జాడీలో 366 నీలం గొట్టాలు, ఒక్కోదాంట్లో ఒక తేదీ. నేను పుట్టిన 1944 నుంచి 1950 వరకూ పుట్టిన మగపిల్లలకి. మొదట సెప్టెంబరు 14 వచ్చింది. రెండోది ఏప్రిల్ 24. ఎక్కడో చదివి మనసులో ఉండిపోయింది. పదేళ్ళకి తాడేపల్లిగూడెంలో నర్సు నిన్ను తెచ్చి నా చేతుల్లో పెట్టింది ఏప్రిల్ 24నే. ఆ లాటరీ ఇప్పుడు లేదు నాన్నా. ఎవరూ నీ తేదీ తీయడం లేదు. నువ్వే వెళ్ళి ఇస్తున్నావు.

డబ్బు గురించయితే చెప్పు. రోడ్డువారన అరెకరానికి బేరం వచ్చింది. రాంబాబు మావయ్య రెండు లక్షలు సర్దుతానన్నాడు, వడ్డీ మాట ఎత్తలేదు. పౌరసత్వం గురించయితే అందరితోపాటు వరసలో నించో. ఏమీ వద్దనుకుంటే వచ్చెయ్. ఊరివాళ్ళ మాటలు నేను చూసుకుంటాను. ఆల్రెడీ సంతకం పెట్టేసి ఉంటే అదైనా చెప్పు, తిట్టను. అప్పుడు నేను చెప్పవలసినవి వేరే ఉంటాయి.

పెద్దక్కయ్య తోడికోడలు ఫిబ్రవరి 4న డల్లాస్ వస్తోంది. అరిసెల డబ్బా, గోంగూర, నెయ్యి, ఉన్ని టోపీ ఇస్తున్నాం. టోపీ అమ్మ అల్లింది, చెవులు మూసేలా ఉంది, పెట్టుకో. నీ ఇంటి నంబరు మారిందేమో రాయి. ఆదివారం పొద్దున్న ఆరింటి నుంచి ఫోను దగ్గరే ఉంటాను. పాలు పితకడానికి పాలేరుని పెట్టాను.

మీ నాన్న