కేలరీలు రాసే బోర్డు మీద మాంసం ఎక్కడిదో కూడా రాయించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. విశాఖలో పేరున్న ఏ ఫాస్ట్‌ఫుడ్ షాపుకైనా వెళ్లి మెనూ బోర్డు చూడండి, ప్రతి బర్గర్ పక్కన ధరతో పాటు ఎన్ని కేలరీలో రాసి ఉండాలి. సెంట్రల్ లైసెన్సు ఉన్నవాళ్లు, పది లేదా అంతకంటే ఎక్కువ చోట్ల షాపులున్నవాళ్లు కేలరీలు చూపించి తీరాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లో నిబంధన పెట్టింది, 2022 జులై నుంచి అది అమల్లోకి వచ్చింది. మంచి పనే. కానీ అదే బర్గర్‌లోని కోడి ఏ రాష్ట్రంలో పెరిగింది, ఎక్కడ కోశారు, ఏ ఫ్యాక్టరీలో ప్యాటీ (బర్గర్ మధ్యలో పెట్టే మాంసం బిళ్ల) చేశారు అన్నది మాత్రం రాయాల్సిన పని లేదు. ఆ ఒక్క లైను కూడా రాయించండి అని అడగడానికే ఈ ఉత్తరం.

నేను రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తాను. విశాఖ పోర్టు నుంచి అమెరికా, చైనా, యూరప్ వెళ్లే సరుకు గురించి మీ పత్రికలో కోట్ల లెక్కలు వస్తుంటాయి కదా, ఆ సరుకు వెనక ఎంత కాగితం ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. భీమవరం వైపు ఒక చెరువులో పట్టుబడి అయిందంటే, వనామీ రకం రొయ్య ఐసులో క్రేట్లకెక్కి మా గేటు దగ్గరికి వచ్చేసరికి దానితో పాటు ఒక చీటీ వస్తుంది. రైతు పేరు, ఊరు, చెరువు నంబరు, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలో), బరువు, పట్టుబడికి ముందు యాంటీబయాటిక్ పరీక్ష చేసిన సర్టిఫికెట్ వివరం, అన్నీ అందులో ఉంటాయి. ఆ చీటీ లేకపోతే క్రేటు దింపం. తల తీసినా, తొక్క తీసినా, గడ్డకట్టించి కార్టన్‌లో పెట్టినా ఆ చెరువు కోడ్ లాట్ నంబరు రూపంలో వెంట వెళుతూనే ఉంటుంది. రేపు రోటర్‌డామ్‌లో ఒక కార్టన్‌లో నైట్రోఫ్యురాన్ అనే నిషేధిత యాంటీబయాటిక్ అవశేషం దొరికితే అది ఏ రైతు చెరువుదో మేం వెనక్కి వెళ్లి చెప్పగలగాలి. యూరోపియన్ యూనియన్ మన రొయ్యల మీద సరిహద్దు తనిఖీలను 2016లో పది శాతం నుంచి యాభై శాతానికి పెంచినప్పుడు ప్లాంట్లలో ఎంత టెన్షన్ పడ్డామో ఆ పనిలో ఉన్నవాళ్లకే తెలుసు.

అమెరికాలో సూపర్‌మార్కెట్‌లో చేపలు, రొయ్యలు అమ్మాలంటే ఏ దేశం నుంచి వచ్చాయో రాయాలని 2005 నుంచి చట్టం ఉంది. అంటే మన గోదావరి జిల్లాల రొయ్య అక్కడ ఇండియా పేరుతోనే ఐసు మీద కూర్చుంటుంది. పరాయి దేశం వాళ్ల పళ్లెం కోసం ఇంత జాగ్రత్తగా రాసి ఇచ్చే ఊరు మనది. మన పిల్లలు తినేదాని దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఊరుకోవాలి?

ఈమధ్య మా పిల్లలతో ఒక షాపుకు వెళ్లినప్పుడు కౌంటర్‌లో ఉన్న అమ్మాయిని అడిగాను, ఈ చికెన్ ఎక్కడి నుంచి వస్తుందమ్మా అని. మర్యాదగానే చెప్పింది, "ఫ్రోజెన్‌లో వస్తుంది సార్, కంపెనీ నుంచి" అంది. మేనేజరు వచ్చి బిల్లు మీద ఉన్న పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు చూపించాడు. ఆ నంబరు ఆ షాపుది. కోడి ఎక్కడిదో దాన్నిబట్టి తెలియదు. వాళ్లిద్దరినీ తప్పుపట్టడం లేదు, వాళ్లకు పైనుంచి ఎవరూ చెప్పలేదు. లోపల ఫ్రీజర్‌లోంచి తీసిన ప్యాటీల అట్టపెట్టె మీద మాత్రం ఫ్యాక్టరీ పేరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ అచ్చు వేసి ఉన్నాయి. కౌంటర్ మీదుగా కనిపిస్తూనే ఉంది. సమాచారం షాపులోనే ఉంది, మనకు కనిపించే చోట లేదు, అంతే.

బర్గర్ అంటే ప్రపంచంలో చాలామందికి బీఫే కాబట్టి అక్కడ ఏం జరిగిందో కొంచెం చెబుతాను, మనకు పనికొస్తుంది. మన దగ్గర మెక్‌డొనాల్డ్స్ 1996లో ఢిల్లీలో మొదలైనప్పుడే బీఫ్, పంది మాంసం లేకుండా మొదలైంది, ఇప్పటికీ అంతే. అమెరికాలో మాత్రం బర్గర్ మాంసం ఒక పశువుది కాదు, చాలాసార్లు ఒక దేశానిది కూడా కాదు. అక్కడ ధాన్యం మేపిన పశువుల నుంచి వచ్చే ముక్కల్లో కొవ్వు ఎక్కువ. దాన్ని సరిచేయడానికి పాలు మానేసిన ముసలి డెయిరీ ఆవుల మాంసం, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రెజిల్ లాంటి చోట్ల నుంచి గడ్డకట్టించి తెచ్చిన కొవ్వు లేని మాంసం కలిపి గ్రైండ్ చేస్తారు. గ్రైండర్‌లో పడ్డాక ఏది ఎక్కడిదో విడదీయడం అసాధ్యం, ఒక ప్యాటీలో ఎన్నో పశువుల మాంసం ఉండొచ్చు. ఇక్కడ ఒక మాట, మన దేశం నుంచి వెళ్లే మాంసమే అమెరికా బర్గర్లలో వాడతారని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, అది నిజం కాదు. మన దగ్గర పెద్దమాంసంలో ఎగుమతికి అనుమతి ఉన్నది గేదె మాంసానికే, ఆవు మాంసం ఎగుమతి నిషేధం. గాలికుంటు వ్యాధి కారణంగా అమెరికా మన పచ్చి మాంసాన్ని రానివ్వదు కూడా.

ఎక్కడిదో తెలియకపోతే ఏమవుతుంది అంటే, 1993లో అమెరికాలో జాక్ ఇన్ ది బాక్స్ అనే చైన్‌లో సరిగ్గా ఉడకని బర్గర్లు తిని ఈ.కోలై అనే బ్యాక్టీరియాతో ఏడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు చిన్నపిల్లలు చనిపోయారు. 1996 మార్చిలో పిచ్చి ఆవు వ్యాధికి మనుషుల జబ్బుతో సంబంధం ఉండొచ్చని బ్రిటన్ ప్రభుత్వం ఒప్పుకున్న కొద్ది రోజులకే అక్కడి మెక్‌డొనాల్డ్స్ బ్రిటిష్ బీఫ్ ఆపేసింది. 2013లో ఐర్లండ్ అధికారులు సూపర్‌మార్కెట్ బీఫ్ బర్గర్లలో డీఎన్ఏ పరీక్ష చేస్తే గుర్రం మాంసం బయటపడింది, ఒక శాంపిల్‌లో ఇరవై తొమ్మిది శాతం. ఆ సరఫరాదారుల్లో ఒకరి దగ్గర బర్గర్ కింగ్ కూడా కొనేది, వెంటనే ఆపేసింది. మరుసటి ఏడాది షాంఘైలో ఒక ఫ్యాక్టరీ గడువు దాటిన మాంసాన్ని తిరిగి కలిపి పంపిందని టీవీలో బయటపడితే దాని ప్రభావం చైనాలోనే కాదు, జపాన్ దాకా వెళ్లింది. ఇవన్నీ పెద్ద కంపెనీలే. మంచి పేరున్న కంపెనీ కదా, వాళ్లే చూసుకుంటారులే అనుకోవడానికి లేదు.

తెలిసి ఉంటే ఏమవుతుందో కూడా చూడండి. 2024 అక్టోబరులో అమెరికాలో మెక్‌డొనాల్డ్స్ క్వార్టర్ పౌండర్ బర్గర్ తిన్నవాళ్లు ఈ.కోలైతో జబ్బుపడ్డారు, మొత్తం 104 కేసులు, ఒకరు చనిపోయారు. మొదట అనుమానం బీఫ్ మీదా, తరిగిన ఉల్లిపాయల మీదా ఉంది. సరుకు ఎక్కడెక్కడి నుంచి ఏ షాపులకు వెళ్లిందో రికార్డులు ఉన్నాయి కాబట్టి రోజుల్లోనే చూపు ఉల్లిపాయల మీద నిలిచింది, ఆ ఉల్లిపాయలు ఒక్క సరఫరాదారు నుంచి వచ్చినవని తేలి అవి వెళ్లిన చోట్ల అమ్మకం ఆగింది. ఇదే మన ఊళ్లో జరిగితే? బిర్యానీ తిని, షవర్మా తిని ఆసుపత్రిలో చేరారన్న వార్త చూస్తే షాపుకు తాళం వేసిన ఫొటో ఉంటుంది. ఆ మాంసం ఎవరు సప్లై చేశారు, అదే రోజు ఇంకెన్ని షాపులకు వెళ్లింది అన్నది ఆ వార్తలో వెతికినా చాలాసార్లు దొరకదు.

ఇది కుదరని పని అనేవాళ్లకు ఫ్రాన్స్ చాలు. అక్కడ హోటళ్లలో వడ్డించే బీఫ్ ఏ దేశంలో పుట్టింది, పెరిగింది, ఎక్కడ కోశారు అన్నది కస్టమరుకు కనిపించేలా రాయాలని 2002లోనే ప్రభుత్వ ఉత్తర్వు తెచ్చారు. 2022 మార్చి నుంచి కోడి, పంది, గొర్రె మాంసానికి కూడా వర్తింపజేశారు. దక్షిణ కొరియాలో కూడా హోటళ్లు మాంసం ఎక్కడిదో రాయాలి. అమెరికా ఈ విషయంలో వెనక్కి వెళ్లింది, కెనడా, మెక్సికో ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు గెలిచాక 2015 డిసెంబరులో బీఫ్‌కు దేశం పేరు రాసే నియమాన్నే తీసేసింది, హోటళ్లకైతే అక్కడ మొదటి నుంచీ మినహాయింపే. అక్కడ లేదు కాబట్టి మనకెందుకు అనుకోవద్దు.

మూలం రాయమంటే కొందరు వెంటనే మతం గొడవ అనుకుంటారు. నేను అడిగేది అందరి కోసం. హలాల్ కావాలనుకునేవాళ్లకు తెలియాలి, వద్దనుకునేవాళ్లకు తెలియాలి, పెద్దమాంసం తినేవాళ్లకు తాము తినేది ఆరోగ్యంగా ఉన్న పశువుదో కాదో తెలియాలి, శాకాహారులకు తమ పళ్లెంలోకి ఏం వస్తుందో తెలియాలి. మన ఊరి నుంచి చదువులకని టెక్సాస్, న్యూజెర్సీ వెళ్తున్న పిల్లలకు ఈ చివరిది ఇంకా ముఖ్యం. మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్ బంగాళాదుంపే కదా అని తిన్న శాకాహారులు, వాటిలో బీఫ్ ఫ్లేవర్ ఉందని తెలిసి 2001లో అక్కడ కోర్టుకెక్కారు, కంపెనీ క్షమాపణ చెప్పి మరుసటి ఏడాది కోటి డాలర్లకు రాజీ చేసుకుంది. అయినా అమెరికాలో ఆ ఫ్లేవర్ మానలేదు, పదార్థాల జాబితాలో రాస్తున్నారు. మన దేశంలో అమ్మే ఫ్రైస్‌లో అది ఉండదు. పిల్లల్ని ఎయిర్‌పోర్టుకు పంపే ముందు ఈ సంగతి చెప్పండి.

ఖర్చు పెరుగుతుందన్న వాదన నాకు ఎక్కదు. కేలరీలైతే ప్రతి పదార్థానికీ లెక్క కట్టాలి, ఇది పెట్టె మీద ఉన్న పేరును బోర్డు మీదికి ఎక్కించడం. సప్లయర్ మారితే బోర్డు మార్చాలి కదా అంటారు, డిజిటల్ స్క్రీన్ మీద ఆఫర్లు పూటకొకటి మారుస్తున్నారు, ఇదీ మార్చొచ్చు.

ఎఫ్ఎస్ఎస్ఏఐకి, రాష్ట్ర ఆహార భద్రతా కమిషనరుకు నా విన్నపం ఇదీ. కేలరీల నిబంధన ఎవరికి వర్తిస్తుందో వాళ్లకే మొదట, ప్రతి మాంసం పదార్థం పక్కన ఏ జంతువుది, ఏ రాష్ట్రంలో కోశారు, ప్యాటీ చేసిన ఫ్యాక్టరీ ఏ ఊళ్లో ఉంది అన్న మూడు వివరాలు పెట్టించండి. బీచ్ రోడ్డు మీద బండి పెట్టుకుని బతికే కుర్రాళ్ల మీద ఒకేసారి ఈ భారం వేయొద్దు, వాళ్లకు మాంసం కొన్న బిల్లు తారీఖుతో సహా ఆ రోజంతా దగ్గర ఉంచుకోవడం అలవాటు చేస్తే చాలు. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) వాళ్లు తనిఖీకి వెళ్లినప్పుడు వంటగది శుభ్రంతో పాటు ఆ బిల్లు కూడా చూడాలి, శాంపిల్ ఫెయిలైతే సప్లయర్ పేరు, ఆ సరుకు వెళ్లిన మిగతా షాపుల పేర్లు కూడా పత్రికలకు ఇవ్వాలి.

పాఠకులు కూడా ఈసారి ఆర్డర్ ఇచ్చేటప్పుడు అడగండి, రోజుకు పదిమంది అడిగితే మేనేజరు పైవాళ్లకు రాస్తాడు. అనుమానం ఉంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, బిల్లు ఫొటో తీసి ఉంచుకోండి. ఈ ఉత్తరం కాపీని జిల్లా ఆహార భద్రతా అధికారులకు కూడా పంపుతున్నాను, జవాబు వస్తే మీకు రాస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మర్రిపాలెం, విశాఖపట్నం