మెడలో బిళ్లకు చుట్ట ఒక్కటే కారణం కాదు

సంపాదకులకు,

నోరు, గొంతు క్యాన్సర్ అనగానే మన శ్రీకాకుళం తీరంలో అడ్డపొగే గుర్తొస్తుంది. నిప్పు నోట్లో ఉంచి చుట్ట కాల్చేవారికి సెగ తగిలేది అంగిలికి, పుండు లేచేదీ ఎక్కువగా అక్కడే. హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) తెచ్చే క్యాన్సర్ ఇంకా లోపల, టాన్సిళ్లలో, నాలుక మొదట్లో పుడుతుంది. అద్దంలో చూసుకుంటే దొరకదు. మన దేశంలో ఇప్పటికీ పొగాకుదే పెద్ద వాటా, నిజమే. కానీ చుట్ట, ఖైనీ ముట్టని మనిషికి ఈ జబ్బు రాదనుకోవడం పొరపాటు.

తొలి గుర్తు చాలాసార్లు నొప్పి లేని మెడ బిళ్ల. కొందరికి ఒక పక్కే గొంతునొప్పి, అదే పక్క చెవిపోటు. మూడు వారాలైనా బిళ్ల కరగకపోతే ఇంకో కోర్సు యాంటీబయాటిక్ కాదు, చెవి ముక్కు గొంతు వైద్యులు ఎండోస్కోపుతో గొంతు చూడాలి, బిళ్లకు సూది పరీక్ష చేయాలి. ఇక్కడో చిక్కుంది. హెచ్‌పీవీ బిళ్లలో తరచూ నీరుంటుంది. సూదిలోకి ఆ నీరే వస్తే ‘క్యాన్సర్ కణాలు లేవు’ అని రిపోర్టు ఇస్తారు. నలభై దాటినవారు దానితో ఊరుకోకూడదు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ బిళ్ల గట్టిగా ఉన్నచోట మళ్లీ తీయించాలి. ఏ పరీక్షా లేకుండా టీబీ మందులు మొదలుపెట్టడం, గొంతు చూడకుండానే మెడ కోసి బిళ్ల తీయడం రెండూ తప్పే.

టాన్సిల్ ముక్కను ల్యాబుకు పంపేటప్పుడు పీ16 (ఈ వైరస్ ఉన్న క్యాన్సర్ కణాల్లో పెరిగే ప్రోటీన్) పరీక్ష అడగండి. 70 శాతం, ఆపైన క్యాన్సర్ కణాలకు రంగు గాఢంగా పడితే వైరస్ రకమని లెక్క. ఈ రకం చికిత్సకు బాగా లొంగుతుంది, అందుకే 2018 నుంచి దీని దశలను వేరుగా లెక్కిస్తున్నారు. పొగ తాగేవారికి ఆ మేలు తగ్గుతుంది.

వైరస్ గొంతుకు చేరేది ముఖ్యంగా ముఖరతి వల్ల. ఒకే కంచంలో తిన్నందుకు కాదు. సోకినా చాలామందికి ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది, మిగిలిన కొద్దిమందిలో క్యాన్సర్‌గా మారడానికి దశాబ్దాలు పడుతుంది. ఎవరి నుంచి వచ్చిందని ఆలుమగలు తగువులాడుకోవడం దండగ.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పట్టే పాప్ పరీక్షలాంటిది గొంతుకు లేదు. ఉన్నది టీకాయే. 9–14 ఏళ్లలో ఆరు నెలల ఎడంతో రెండు డోసులు. 15 నిండితే 0, 2, 6 నెలల్లో మూడు. ‘ఆడపిల్లల టీకా’ అన్న పేరు పడిపోయింది గానీ, ఈ గొంతు క్యాన్సర్ మగవాళ్లలోనే ఎక్కువ. మన దేశంలో తయారయ్యే సర్వావ్యాక్ టీకాకు మగపిల్లలకూ అనుమతి ఉంది. అప్పటికే సోకిన వైరస్‌ను టీకా పోగొట్టదు కనుక చిన్న వయసులోనే వేయించాలి. షాపులో కొని ఆసుపత్రికి తీసుకెళ్లేవారు ఐసు పెట్టెలో తీసుకెళ్లండి, ఐసుకు నేరుగా తగలనీయకండి: 2–8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టిందంటే పారేయాల్సిందే.

– చెవి, ముక్కు, గొంతు వైద్యులు, శ్రీకాకుళం