బోర్డులో ఆర్‌సీసీబీ ఉంటే చాలదు, అది ఏ రకమో చూడాలి

సంపాదకులు గారికి,

విద్యుత్ కారు కొనేవారు బ్యాటరీ సామర్థ్యం గురించి, ఒకసారి చార్జింగ్ చేస్తే వచ్చే దూరం గురించి పదిమందిని వాకబు చేస్తారు గానీ, ఆ కారుకు రాత్రంతా కరెంటు అందించే ఇంటి బోర్డులో ఎలాంటి రక్షణ ఉందో అడిగేవారు అరుదు. అమ్మేవారు తమంతట తాముగా చెప్పడమూ అరుదే. ఇటీవల మా ఇంట్లో చార్జర్ పెట్టించుకున్నప్పుడు ఎదురైన అనుభవంతో ఈ లేఖ రాస్తున్నాను.

బిగించడానికి వచ్చిన టెక్నీషియన్ పనిమంతుడే. తగిన మందం ఉన్న కేబుల్ వేశాడు, టెర్మినళ్ల స్క్రూలు ఒకటికి రెండుసార్లు బిగించి చూశాడు. కానీ చివరికి ఆ లైనును బోర్డులో అప్పటికే ఉన్న పాత ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే స్విచ్) కిందికే కలిపాడు. దాని ముఖం మీద, ఎంత కరెంటు లీకైతే అది తెంచాలో చెప్పే 30 మిల్లీ ఆంపియర్లు అన్న అంకె, పక్కనే చిన్న గడిలో ఒకే ఒక్క అల గీత ఉన్నాయి. ఆ అల గీత ఒక్కటే ఉంటే అది టైప్ ఏసీ రకమని అర్థం. కారు చార్జర్‌కు ఇది పనికొస్తుందా అని అడిగితే, “ముప్పై ఎంఏ ఉంది కదా సార్, సరిపోతుంది” అన్నాడు.

సరిపోదు. ఆర్‌సీసీబీ లోపల ఉంగరం ఆకారంలో ఒక కోర్ ఉంటుంది, ఫేజ్, న్యూట్రల్ రెండూ దాని గుండానే వెళ్తాయి. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగొస్తే వాటి అయస్కాంత ప్రభావాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి; అందులో కొంత ఎర్త్‌లోకో, మనిషి ఒంట్లోంచి నేలలోకో పారితే, ఆ తేడా కోర్‌లో క్షణక్షణం మారే అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, దానివల్ల కోర్‌కు చుట్టిన తీగలో వోల్టేజీ పుట్టి పరికరం ట్రిప్ అవుతుంది. ఇక్కడ కీలకమంతా ఆ మార్పులోనే ఉంది. కారులోని ఆన్‌బోర్డ్ చార్జర్ ఏసీని డీసీగా మార్చి బ్యాటరీకి ఎక్కిస్తుంది కాబట్టి, అక్కడ ఇన్సులేషన్ దెబ్బతింటే లీకయ్యే కరెంటులో నిలకడైన డీసీ కూడా ఉండవచ్చు. హెచ్చుతగ్గులు లేని ఆ డీసీని టైప్ ఏసీ పరికరం గుర్తించలేదు. అంతటితో పోతే కొంత నయం. ఆ డీసీ కోర్‌ను సంతృప్త స్థితికి, అంటే కొత్త మార్పులకు సరిగా స్పందించలేని స్థితికి నెట్టేస్తే, ఆ తర్వాత అసలైన ఏసీ లీకేజీ జరిగి ఎవరికైనా షాక్ కొట్టినా ఆర్‌సీసీబీ ట్రిప్ కాకపోవచ్చు. కారులోని లోపం వల్ల, అదే ఆర్‌సీసీబీ కింద ఉన్న గీజర్‌కూ వాషింగ్ మెషీన్‌కూ కూడా రక్షణ లేకుండా పోతుందన్నమాట.

టైప్ ఏ రకం 6 మిల్లీ ఆంపియర్ల వరకు ఇలాంటి డీసీ ఉన్నా తన పని తాను చేయగలదు, అది దాటితే దానికీ హామీ లేదు. అందుకే అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ప్రమాణాల్లో వాహన చార్జింగ్‌కు సంబంధించిన ఐఈసీ 60364-7-722 భాగం, ప్రతి చార్జింగ్ పాయింటుకూ విడిగా 30 మిల్లీ ఆంపియర్లకు మించని ఆర్‌సీడీ (ఆర్‌సీసీబీ లాంటి లీకేజీ రక్షణ పరికరం) ఉండాలని, అది నిలకడైన డీసీని కూడా పసిగట్టే టైప్ బీ అయినా కావాలని, లేదా టైప్ ఏకు తోడుగా 6 మిల్లీ ఆంపియర్ల డీసీ లీకేజీని గుర్తించి సరఫరా తెంచే ఏర్పాటైనా ఉండాలని చెబుతోంది. ఈ ఏర్పాటు చాలా చార్జర్లలో లోపలే ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. మా చార్జర్‌లో ఉందో లేదో టెక్నీషియన్‌కు తెలియలేదు, అతను ఫోన్ చేసిన కార్యాలయానికీ తెలియలేదు. రెండు రోజుల తర్వాత మాన్యువల్ చివరి పేజీల్లో, సన్నని అక్షరాల్లో, ఉందని నాకే కనిపించింది. దాని ఆధారంగా టైప్ ఏ ఆర్‌సీసీబీ తెప్పించి, చార్జర్ ఒక్కదానికే విడిగా వేయించాను.

ఎంసీబీ ఉంది కదా అని ధీమాగా ఉండేవారూ ఉన్నారు. అది తీగలను అధిక లోడు నుంచి, షార్ట్ సర్క్యూట్ నుంచి కాపాడుతుంది. 32 ఆంపియర్ల ఎంసీబీకి 30 మిల్లీ ఆంపియర్లంటే వెయ్యో వంతు కూడా కాదు, మనిషి ప్రాణం తీయగల లీకేజీ దాని దృష్టికే రాదు. ఆర్‌సీసీబీ మాటిమాటికీ ట్రిప్ అవుతోందని దాన్ని తప్పించి డైరెక్ట్ చేయించుకునేవారి గురించి వేరే చెప్పాలా?

ఎర్తింగ్ సరిగా లేకపోతే చార్జరే పట్టేస్తుందన్నది ఇంకో అపోహ. కారుకూ చార్జర్‌కూ మధ్య ఉండే కంట్రోల్ పైలట్ తీగ ఎర్త్ కొనసాగింపును గమనిస్తూనే ఉంటుంది, మధ్యలో తెగితే చార్జింగ్ ఆగిపోతుంది. అయితే ఆ తీగ చూసేది కారుకూ చార్జర్‌కూ మధ్య ఉన్న కేబుల్ వరకే. గోడ వెనక నుంచి ఎర్త్ గుంత దాకా ఉన్న తీగ సరిగా ఉందో లేదో దానికి తెలియదు. ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ నొక్కినా తెలియదు, ఎందుకంటే ఆ బటన్ లోపలి రెసిస్టర్ ద్వారా కృత్రిమంగా తేడా సృష్టించి చూస్తుందే తప్ప ఎర్త్‌ను వాడుకోదు. ఎర్త్ లేని ఇంట్లోనూ ఆ బటన్ చక్కగా పనిచేస్తుంది. ఎర్త్ నిరోధాన్ని మీటరుతో కొలవాల్సిందే.

చార్జర్ బిగించినవారు వెళ్లేముందు ఒక కాగితం మీద ఆర్‌సీసీబీ ఏ రకమో, 6 మిల్లీ ఆంపియర్ల డీసీ రక్షణ చార్జర్‌లో ఉందో లేదో, ఎర్త్ కొలత ఎంత వచ్చిందో, టెస్టరుతో చూసినప్పుడు ఎన్ని మిల్లీ సెకన్లలో ట్రిప్ అయిందో రాసి సంతకం చేసి ఇవ్వడం విక్రేతలు తప్పనిసరి చేసుకోవాలి. ఆ కాగితం చేతికి వచ్చాకే కొనుగోలుదారులు మిగిలిన సొమ్ము చెల్లించాలి. మీ పత్రిక వాహనాల పేజీలో కొత్త కార్లను సమీక్షించేటప్పుడు, వాటితో ఇచ్చే ఇంటి చార్జర్‌లో ఈ డీసీ రక్షణ ఉందో లేదో ఒక్క వాక్యంలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు