సుత్తితల పురుగును నరకవద్దు

సంపాదకులకు,

వానలు పడగానే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పెరళ్లలో, కుండీల అడుగున జిగురుజిగురుగా పాకే పొడవాటి పురుగు కనిపిస్తే పాముపిల్లో, జలగో అనుకొని కత్తితో ముక్కలు చేసేవాళ్లున్నారు. చేయకూడని పని సరిగ్గా అదే.

ఈ సుత్తితల పురుగు బల్లపరుపు పురుగుల వర్గానికి చెందినది, నేలమీద బతికే వీటిని నేల ప్లనేరియాలంటారు. తోటల్లో బాగా వ్యాపించిన రకం బైపాలియం క్యూయెన్స్. లండన్ క్యూ గార్డెన్స్ గాజుగదిలో దొరికిన పురుగును బట్టి 1878లో మోస్లీ అనే ప్రకృతి శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. పుట్టిల్లు ఆగ్నేయాసియా, కుండీ మట్టిలో దాక్కొని దేశాలు తిరిగింది. అర్ధచంద్రాకారపు తల, లేత గోధుమరంగు వీపు మీద నిలువునా ఐదు ముదురు చారలు, జానెడు నుంచి అడుగు దాకా పొడవు. జలగకుండే, అతుక్కొని పట్టుకునే గిన్నెల్లాంటి భాగాలు గానీ, ఒంటిమీద ఉంగరాల్లాంటి గీతలు గానీ దీనికి లేవు. రక్తం తాగదు.

దీని ఆహారం వానపాములు. నోరు తలలో కాదు, పొట్ట కింద నడిమధ్యన ఉంటుంది. వానపామును చుట్టి, జిగురుతో అంటించి, ఆ నోటిలోంచి గొంతుగొట్టాన్ని బయటికి చాచి జీర్ణరసాలు వదిలి, కరిగినదాన్ని పీల్చుకుంటుంది. మలద్వారం వేరే లేదు, మిగిలింది మళ్లీ నోటినుంచే పోవాలి. తనకంటే లావైన వానపామును కదలకుండా చేయడానికి టెట్రోడోటాక్సిన్ అనే విషం తోడ్పడుతుందని భావిస్తున్నారు. విషపు చేపల్లో ఉండేదీ అదే. మనిషి ముట్టుకున్నంతలో ప్రాణభయం లేదు కానీ జిగురుకు చర్మం మండవచ్చు, ఉత్త చేత్తో తీయకండి.

ఇక నరకడం సంగతి. ఈ పురుగు తనంతట తానే తోకకొసను నేలకు అంటించి, మిగతా ఒంటిని ముందుకు లాగి తెంపుకుంటుంది. తెగిన ముక్క అప్పటికప్పుడే కదులుతుంది, పదిరోజులు అటూఇటుగా దానికి తల వస్తుంది. ఒంటినిండా ఉన్న, ఏ భాగంగానైనా మారగల మూలకణాలే ఇందుకు కారణం. అంటే మన కత్తి దాని సంతానానికి సాయం చేస్తోంది!

పుల్లతో ఎత్తి పాలిథిన్ సంచిలో వేసి, పురుగు మునిగేంత ఉప్పు గానీ వెనిగర్ గానీ పోసి మూతి కట్టండి. జిగురు అంటిన చోట సబ్బునీళ్లతో కడగండి. వర్మీకంపోస్టు తొట్లు నడిపే మహిళా సంఘాలు మాత్రం తొట్టిలో ఉప్పు చల్లకూడదు, పురుగుతోపాటు వానపాములూ చస్తాయి. మట్టిలో పురుగుమందు పోయడమూ అంతే, ముందు చచ్చేవి వానపాములే. తొట్టి పక్కన నేలమీద తడిపిన గోనెపట్టా రాత్రి పరచి, ఎండ రాకముందే ఎత్తి చూడండి. ఒంట్లో నీటిని నిలుపుకునే ఏర్పాటు లేదు గనుక పగలు తడి నీడను వెతుక్కుంటూ ఆ పట్టా కిందికే చేరుతుంది. నాలుగైదు రోజులు వరసగా ఏరాలి. తొట్టి చుట్టూ పాత కుండీలు, ఇటుకలు, కుళ్లిన చెక్కలు పోగుపెట్టకండి. కొత్త మొక్క తెచ్చినప్పుడు కుండీలోంచి వేరుముద్దను జాగ్రత్తగా జార్చి, అడుగు రంధ్రాలూ చూసి, అప్పుడే నాటండి. మొక్కలు పంచే ప్రభుత్వ శాఖలు కూడా ఈపాటి పరీక్ష చేయించాలి. అది ఖర్చులేని పని.

ఇలాంటి పురుగులను తెప్పించి, వాటిచేత ఆఫ్రికా పెద్దనత్తలను తినిపిద్దామని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. న్యూగినీకి చెందిన ప్లాటిడెమస్ మనోక్వారి అనే నేల ప్లనేరియాను పసిఫిక్ దీవుల్లో అలాగే వదిలితే అక్కడి స్థానిక నత్తలనూ ఊడ్చేసింది.

మన దేశానికి సొంత నేల ప్లనేరియాలూ ఉన్నాయి. మహేంద్రగిరి వంటి కొండ అడవుల్లో రాతి కింద ఒకటి కనిపిస్తే రాయిని ఎప్పటిలా పెట్టేసి వచ్చేయండి. ఏరివేత పెరటికీ, ఎరువు తొట్టికీ మాత్రమే.

— జంతుశాస్త్ర అధ్యాపకులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా