బెల్టు అందని వాళ్లు ఏం చేయాలి?

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మా అబ్బాయి చిన్న కారు కొన్నాడు. నాది భారీ ఒళ్లు. ముందు సీట్లో కూర్చుని బెల్టు ఎంత లాగినా బకిల్‌కి నాలుగు వేళ్ల దూరంలోనే ఆగిపోతుంది. సూర్యాపేట నుంచి హైదరాబాద్ దాకా లారీల మధ్య అలా కూర్చోవాలంటే నాకు ఒకటే టెన్షన్. పైగా ఆగకుండా బీప్ మోత.

యాక్సెసరీస్ షాపులో అడిగితే ముందు ఒక క్లిప్పు చేతిలో పెట్టారు. బకిల్‌లో గుచ్చితే చాలు, మోత ఆగిపోతుందట! ఇలాంటివి అమ్మవద్దని 2023లోనే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అయిదు ఆన్‌లైన్ కంపెనీలను ఆదేశించింది. మా ఊళ్లో మాత్రం అద్దాల బీరువాలోనే పెట్టి అమ్ముతున్నారు. తర్వాత ఒక ఎక్స్‌టెండర్ చూపించారు. జానెడు పట్టీ, ఒక చివర నాలుక, ఇంకో చివర బకిల్. ఎవరు చేశారో, ఏ కారుకో దాని మీద ఒక్క అక్షరం లేదు. ‘అన్ని కార్లకీ పడుతుందమ్మా’ అన్నాడు. నా భయం అదే. పట్టీ పొడవెక్కువైతే తుంటి పక్కన ఉండాల్సిన బకిల్ పొట్ట మీదికి వస్తుంది. కారు గుద్దుకున్నప్పుడు ఆ దెబ్బ తుంటి ఎముకలు కాయాలి గానీ పేగులు కాదు. నేను కొనలేదు.

‘కాస్త తగ్గండి’ అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. తగ్గేదాకా ప్రాణానికి రక్షణ అక్కర్లేదా? బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయల జరిమానా మాకూ ఉంది. అమెరికా నిబంధనల్లో బెల్టు సరిపోవాల్సిన మగమనిషి బరువు సుమారు 97 కిలోలు, అదీ 1960ల నాటి కొలతల ప్రకారం. అది దాటినవారికి అక్కడ కొన్ని కార్ల కంపెనీలే ఎక్స్‌టెండర్లు ఇస్తాయి. మన దగ్గర 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో (కార్లను గుద్దించి చూసి భద్రతకు స్టార్లు ఇచ్చే పరీక్ష ఇది) ముందు సీట్లో కూర్చోబెట్టే మగ బొమ్మ బరువు సుమారు 78 కిలోలు. ఎన్ని స్టార్లు వచ్చినా, ఆ బెల్టు నాకు అందుతుందో లేదో వాటిని బట్టి తెలియదు.

డిక్కీలో ఎన్ని లీటర్ల చోటుందో బ్రోచర్లో వేస్తారు. పూర్తిగా లాగితే బెల్టు ఎంత పొడవుంటుందో కూడా వేయాలి. విమానంలో అడిగితే ఎక్స్‌టెన్షన్ బెల్టు తెచ్చిస్తారు. కారుకూ ఆ మోడల్‌కు సరిపడేలా కంపెనీయే పరీక్షించి షోరూమ్‌లో ఇవ్వాలి. మా అబ్బాయి అడిగితే ‘స్పేర్ పార్ట్స్ లిస్టులో అలాంటిది లేదు’ అన్నారట. ఆ లిస్టులో చేర్పించాల్సింది కేంద్ర రవాణా శాఖే.

– ఒక పాఠకురాలు, సూర్యాపేట