పర్లాకిమిడి కొట్లాట కేసులో అండగా నిలిచినవాళ్ళకు తాపీ పనివాళ్ళ సంఘం కృతజ్ఞతలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో జరిగిన కొట్లాటలో అరెస్టయిన మా సంఘం కుర్రాళ్ళిద్దరికి బెయిలు దొరికింది. అంటే కేసు ముగిసినట్టు కాదు, ఇంకా నడవాలి. అయినా ఇంతవరకు మోసినవాళ్ళకు దండం పెట్టుకోవాలి కదా. పేర్లు రాయొద్దని వాళ్ళే అన్నారు కాబట్టి, చేసిన పని చెప్పి పెడుతున్నాం. గుణుపురం, రాయగడ, బరంపురం వైపు మనవాళ్ళకెవరికైనా అక్కరకొస్తుందని కాస్త వివరంగానే రాస్తున్నాం.

మొదటి నమస్కారం రిటైరైన ఒడియా మాస్టారికి. ఎఫ్‌ఐఆర్ ఒడియాలో ఉంది. మనలో చాలామందికి ఒడియా మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. స్టేషన్లో ఆ సంగతి పైకి చెప్పడానికి నామోషీ పడి, చూపించినచోటల్లా సంతకం పెట్టేస్తారు. మాస్టారు జిరాక్స్ కాపీ మీద ఒక్కో లైనుకీ పైన పెన్సిలుతో తెలుగు రాసిచ్చారు. ఇనపరాడ్డుతో కొట్టారని ఫిర్యాదులో ఉన్నట్టు అప్పుడు తేలింది. గొడవంతా అక్కడే ఉంది. ఉత్త చేతులతో కొట్టి మామూలు గాయం చేస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) సెక్షన్ 115(2): ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అది బెయిలబుల్, అంటే బెయిలు హక్కుగా వస్తుంది. కోసే, పొడిచే వస్తువో, ప్రాణం తీయగల ఆయుధమో వాడారంటే 118(1): మూడేళ్ళ వరకు జైలు, పైగా నాన్‌బెయిలబుల్, అంటే బెయిలు ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు ఇష్టం. ఎముక విరిగినా పన్ను ఊడినా తీవ్రగాయం కింద 117(2), ఏడేళ్ళ వరకు పడొచ్చు. విచిత్రమేమిటంటే ఆ ఏడేళ్ళది బెయిలబుల్, ఈ మూడేళ్ళది కాదు! అందుకే శిక్ష ఎన్నేళ్ళని కాదు, ముందు ఏ సెక్షను వేశారని అడగాలి.

న్యాయసేవాధికార సంస్థ ఇచ్చిన డిఫెన్స్ కౌన్సిల్ (నిందితుల తరఫున వాదించే) లాయరమ్మగారికి ఎంత చెప్పినా తక్కువే. 15100కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. లేదంటే జిల్లా కోర్టు ఆవరణలో ఉండే సంస్థ ఆఫీసుకు నేరుగా వెళ్ళొచ్చు. 1987 నాటి న్యాయసేవాధికార చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో సంబంధం లేకుండా లాయరును ఉచితంగా ఇస్తారు. ఉచిత లాయరంటే మొక్కుబడి అనుకునేవాళ్ళు ఆవిడ పని చూడాలి. వచ్చీరాగానే అరెస్టు మెమోలో (పోలీసులు అరెస్టు వివరాలు రాసే కాగితం) టైము చూశారు. ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్న లెక్క అరెస్టు టైము నుంచే మొదలవుతుంది (ప్రయాణం టైము తీసేసి), కాబట్టి ఆ గడి ఖాళీగా ఉండగా ఎవరూ సంతకం పెట్టకూడదు. తర్వాత అరెస్టు కారణాలు రాసిన కాగితం అడిగారు. అది నిందితుడికి అర్థమయ్యే భాషలో ఉండాలని, రిమాండుకు కనీసం రెండు గంటల ముందైనా చేతికివ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒడియా చదవలేనివాడికి తెలుగులో ఇవ్వమని అడగడం పొగరు కాదు, హక్కు.

ఆ తర్వాత ఆస్పత్రి గాయాల రిపోర్టు పక్కన ఎఫ్‌ఐఆర్ పెట్టి చదివారు. వాపు, గీరుడు అని ఉంది, ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. రాడ్డు దెబ్బకి ఇంతేనా అన్న ప్రశ్న బెయిలు పిటిషన్లో మొదటి పేరాలోనే వచ్చింది. మనవాళ్ళకు తగిలిన దెబ్బలు కూడా అదేరోజు డాక్టరుకు చూపించి రాయించమన్నారు. ఆలస్యమైతే ఆ గాయం తర్వాత ఎక్కడో తగిలించుకున్నదంటారు. మన తరఫు ఫిర్యాదు కూడా నమోదైతే రెండు కేసులూ ఒకే జడ్జి ముందు నడిపించమని అడగొచ్చు.

టీకొట్టు సీసీటీవీ ఫుటేజీ దాచి ఉంచిన కొట్టు యజమాని బాబుకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఆ కెమెరా రికార్డింగు డబ్బాలో కొత్త రికార్డింగు పాతదాన్ని తుడిచేస్తుంది, వాయిదా దాకా ఆగితే ఏమీ మిగలదు. ఫోన్లో తీసిన వీడియో అయితే తీసిన ఫోను అలాగే ఉంచాలి. వాట్సాప్‌లో పంపుకున్న కాపీకి కోర్టులో అంత బలం ఉండదు.

జామీనుకు వచ్చిన ఇద్దరికీ నమస్కారాలు. ఒకాయనది ఇక్కడి భూమి, రెండో ఆయనది పాతపట్నం. ఆంధ్రా పట్టా చెల్లదేమోనని అందరం భయపడ్డాం. లాయరమ్మగారు 1978 నాటి మోతీరామ్ తీర్పు చూపించారు. ఆ మోతీరామ్ కూడా తాపీ పనివాడే. సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని జామీను కాదంటే సుప్రీంకోర్టు తప్పుపట్టింది. దూరాన ఎక్కడో అరెస్టయిన తెలుగువాడు అక్కడ ఆస్తిపరుణ్ణి ఎలా తేగలడని జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులోనే అడిగారు. అలాగని తీర్పు ఉంది కదా అని ధీమాగా ఉండొద్దు. స్థానికులు దొరికితే పని త్వరగా అవుతుంది. పట్టా ఒరిజినల్, పన్ను రసీదు, ఆధార్, ఫొటోలు, అన్నిట్లోనూ పేరు ఒకేలా ఉండాలి. తెలుగు పేరు ఒడియాలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే అక్కడే ఆగిపోతుంది.

చివరగా, రాజీ తొందరలో పడకుండా ఆపిన వీధి పెద్దలకు. స్టాంపు కాగితం మీద రాసుకుని డబ్బులిచ్చేస్తే కేసు మూసినట్టు కాదు. 115(2) అయితే దెబ్బ తిన్నవాడు కోర్టులో చెప్తే రాజీ కుదురుతుంది, 117(2)కు కోర్టు అనుమతి కావాలి. 118(1) మాత్రం కింది కోర్టులో రాజీకి లొంగదు, కటక్ హైకోర్టులో కేసు కొట్టేయమని పిటిషన్ వేయాలి. పైగా బెయిలు మీద ఉన్న కుర్రాడు తనంతట తాను ఫిర్యాదుదారు ఇంటికి వెళ్తే సాక్షిని బెదిరించాడంటారు, బెయిలుకే ఎసరు. ఈసారి మాటలేవైనా లాయర్ల ద్వారానే సాగుతాయని మా కుర్రాళ్ళ చేత ఒప్పించింది ఆ పెద్దలే.