నాటకానికి ప్రాక్టికల్ మార్కులు వద్దా?

సంపాదకులు గారికి నమస్కారం.

డిగ్రీ ఇంగ్లిష్‌లో పాత నాటకాలు తీసేసి, వాటి బదులు స్పోకెన్ ఇంగ్లిష్ పెట్టాలని మీ లేఖల శీర్షికలో ఈమధ్య ఒక తండ్రి రాశారు. ఆయన కోపం నాకు అర్థమైంది. నేను పర్లాకిమిడిలో ఇంగ్లిష్ చెప్పి రిటైరైనదాన్ని. ఇప్పుడు మా వరండాలో ఆనర్స్ పిల్లలకి ట్యూషన్ చెబుతున్నాను. వీళ్లకి ఇంట్లో తెలుగు, బజారులో ఒరియా, క్లాసులో ఇంగ్లిష్. సవర ఇళ్ల పిల్లలకైతే ఇంగ్లిష్ నాలుగో భాష. షేక్‌స్పియర్ నాటకం ‘మాక్‌బెత్’ అంటే వీళ్లకి గైడులో సారాంశం, పరీక్షలో ‘లేడీ మాక్‌బెత్ పాత్ర చిత్రణ’. అంతే. నాటకంలో ఒక్క మాటైనా పైకి చదవకుండా ఫస్ట్ క్లాసు తెచ్చుకున్నవాళ్లు నాకు తెలుసు. ఇలా చెప్పేటట్టయితే తీసేయమనడంలో తప్పేమీ లేదు.

కానీ ఆయన అడిగే స్పోకెన్ ఇంగ్లిష్ ఆ నాటకాల్లోనే ఉంది. ఎలాగో చెబుతాను.

షెరిడన్ రాసిన ‘ది స్కూల్ ఫర్ స్కాండల్’ 1777లో లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటర్లో మొదటిసారి ఆడారు. ఊళ్లోవాళ్ల మీద చాడీలు చెప్పుకుని బతికే పెద్దమనుషుల కథ. నాలుగో అంకంలో జోసెఫ్ సర్ఫేస్ అనే పైకి బుద్ధిమంతుడు ఉన్న గదికి, ముసలి సర్ పీటర్ గారి పడుచు భార్య లేడీ టీజిల్ వస్తుంది. అంతలో మొగుడే వచ్చిపడతాడు. ఆవిడ మడత తెర వెనక్కి దూరుతుంది. తర్వాత జోసెఫ్ తమ్ముడు చార్లెస్ వస్తున్నాడని తెలిసి మొగుడు పక్కనున్న చిన్న గదిలో దాక్కుంటాడు. చివరికి చార్లెస్ ఆ తెర లాగి పడేస్తాడు. గైడు దీన్ని ‘డ్రమాటిక్ ఐరనీ’ (చూసేవాళ్లకి తెలిసింది పాత్రలకి తెలియకపోవడం) అని రెండు ముక్కల్లో తేల్చేసింది.

మేం మాత్రం బట్టల దండేనికి దుప్పటి కట్టి ఆడాం. వంటింటి గుమ్మం సర్ పీటర్ దాక్కునే గది అయింది. పాతపట్నం నుంచి వచ్చే ఒకమ్మాయికి లేడీ టీజిల్ వేషం ఇచ్చాను. దుప్పటి వెనక నిలబడి, పుస్తకంలో ఒక పేజీ వెనక్కి తిప్పి అడిగింది: “మేడమ్, ఎదురింటామె కూపీలు తీసే మనిషని జోసెఫ్ ఈ తెరని కిటికీకి అడ్డంగా పెట్టించాడు. నేనిప్పుడు తెరకీ కిటికీకీ మధ్యలో ఉన్నాను. మొగుడికి కనబడను సరే, ఎదురింటామెకి కనబడిపోద్ది గదా!”

నిజమే. ఈ సంగతి పండితులు ఎప్పుడో గమనించారు, కానీ ఈ పిల్లకి ఎవరూ చెప్పలేదు, గైడులోనూ లేదు. నిలబడింది కాబట్టి కనబడింది. తర్వాత ఎవరు ఎవరికి వెనక, ఎవరు ఎవరి ముందు, కిటికీ ఎటు అని పిల్లలు ఇంగ్లిష్‌లోనే పోట్లాడుకున్నారు. తప్పుల తడకే, అయినా ఎవరూ ఆగలేదు. క్లాసులో నోరు మెదపని పిల్లాడు నౌకరు వేషంలో తెర ఇటు కాదు అటు జరపాలని వాదించాడు. ఏ స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో అంత మాట్లాడిస్తారు?

షేక్‌స్పియర్ కష్టం, ఒప్పుకుంటాను. మొదట్లో షెరిడన్, గోల్డ్‌స్మిత్‌లే మేలు, వచనం కాబట్టి. కానీ ‘మాక్‌బెత్’లో రాజుని చంపి వచ్చాక మొగుడూ పెళ్లాల మాటలు చూడండి. “మీరేమైనా అన్నారా?” “ఎప్పుడు?” “ఇప్పుడే.” “నేను దిగి వస్తున్నప్పుడా?” ఇంగ్లిష్‌లో ఈ నాలుగు ముక్కలూ కలిపితే ఒక్క పద్యపాదం. అంటే మధ్యలో ఊపిరి తీసుకునే సందు లేదు, ఒకరి నోట్లోంచి ఇంకొకరు అందుకోవాలి. తెల్లవార్లూ పద్యనాటకాలు చూసిన తాతలున్న ఊళ్లు మావి. పాదం మధ్యలో అందుకోవడమంటే పిల్లలకి వెంటనే పట్టుబడింది. షేక్‌స్పియర్ నాటకాలు ఆయన కాలంలో లండన్‌లోని గ్లోబ్ థియేటర్లో పట్టపగలు, నడినెత్తిన కప్పు లేకుండా ఆడేవారు. ‘మాక్‌బెత్’లో బాంకో అనే సేనాని తన కొడుకుని రాత్రి ఎంతయిందని అడుగుతాడు, చంద్రుడు దిగిపోయాడంటాడు కొడుకు. చేతిలో కాగడా, నోట్లో ఆ మాట, అంతే, రాత్రి అయిపోయింది. మా పిల్లలు మూడు గంటల ఎండలో టార్చిలైటు పట్టుకుని చేశారు. నవ్వులాటగా మొదలైంది, రెండోసారికి ఎవరూ నవ్వలేదు.

బర్నార్డ్ షా గారు తన నాటకాలకి రాసుకున్న పొడుగాటి ముందుమాటలు మాత్రం ఎవరూ చదివించకండి. నాటకం చదివాక ఓపిక ఉన్నవాళ్లు చదువుకుంటారు. ఎలిజబెత్ రాణి కాలం గురించి వారాల తరబడి డిక్టేట్ చేయించే నోట్సు కూడా అక్కర్లేదు.

ఫిజిక్స్ పిల్లలకి ప్రాక్టికల్ మార్కులున్నాయి. నాటకానికి ఎందుకు ఉండకూడదు? స్టేజీ, వేషాలు అడగడం లేదు. ఇంటర్నల్ మార్కుల్లో ఐదు, ఇద్దరు ముగ్గురు కలిసి ఒక సీను లేచి నిలబడి చదివినందుకు ఇవ్వండి. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. నోటి మాటకి విలువ ఇవ్వమని ఇక్కడ కొత్తగా అడగాల్సి రావడమే విడ్డూరం. ప్రశ్నపత్రంలో పాత్ర చిత్రణ ప్రశ్న ఒకటి తగ్గించి, ఒక సీను ముక్క ఇచ్చి, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎందుకని అడగండి. దీనికి గైడులో జవాబు దొరకదు. ఒరియా యాస, తెలుగు యాస అని మార్కులు కోయొద్దని కూడా దిద్దేవాళ్లకి రాతపూర్వకంగా చెప్పాలి, ఎందుకంటే మా పిల్లలకి ఇంగ్లిష్ కంటే ఆ భయమే ఎక్కువ.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లిష్ లెక్చరర్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా